పాత ఫైబర్ పడవకు కొత్త ట్రాన్సమ్: ఏ అతుకుకు ఏ జిగురు?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మోటారు పడవల వేట ఆగిపోతుంది. విశాఖపట్నంలో పడవల మరమ్మతులకు అసలైన కాలం అదే. పెదజాలరిపేట, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట, భీమిలి ఒడ్డున ఇసుక మీదికి లాగిపెట్టిన ఫైబర్ పడవలను తీరికగా పరీక్షించినప్పుడు తరచుగా బయటపడే జబ్బు ఒకటుంది. పడవ బయటికి బాగానే కనిపిస్తుంది, రంగు కూడా నిలిచే ఉంటుంది, కానీ మోటారు పట్టుకుని వెనక్కూ ముందుకూ ఊపితే అమరం వైపు పలక మొత్తం కదులుతుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే ఒకచోట ఖణీమని మోగిన పలక ఇంకొకచోట తడిసిన అట్టలా మూగబోతుంది. మోటారు బోల్టు విప్పితే రంధ్రం లోంచి టీ డికాక్షన్ రంగు నీరు కారుతుంది. లోపలి చెక్క కుళ్లిపోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పడవ వెనక భాగాన్ని మన మత్స్యకారులు అమరం అంటారు. ఆ అమరాన్ని మూసివేస్తూ నిలువుగా నిలబడే పలకే ట్రాన్సమ్. ఔట్‌బోర్డ్ మోటారు దాని మీదే వేలాడుతుంది. ఫైబర్ పడవల్లో ఈ పలక ఒకే పదార్థంతో చేసినది కాదు. బయట ఒక ఫైబర్‌గ్లాస్ తొక్క, లోపల ఇంకొక తొక్క, ఆ రెండింటి నడుమ సుమారు 36 మిల్లీమీటర్ల మందాన ప్లైవుడ్. మోటారు బోల్టుల రంధ్రాల నుంచో, అడుగున నీరు వదిలే బిరడా రంధ్రం నుంచో, పలక పైఅంచున పగిలిన రెజిన్ (గాజునారను తడిపి గట్టిపడే జిగట ద్రవం) పూత నుంచో నీరు లోపలికి దిగుతుంది. రెండు తొక్కల మధ్య చిక్కిన నీరు ఆరే దారి లేక అక్కడే ఉండిపోతుంది. చెక్క కుళ్లుతుంది.

లోపలి తొక్కను కోసి, కుళ్లిన చెక్కను తీసి కొత్త ప్లై పెట్టాలని నిశ్చయించుకున్న యజమాని దుకాణానికి వెళ్లి అడిగే మొదటి ప్రశ్న, అన్నిటికంటే గట్టి జిగురు ఏది అని. నా దృష్టిలో చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ట్రాన్సమ్ మార్పిడిలో అతుకు ఒకటి కాదు. ప్లైకి ప్లై అతకాలి, కొత్త ప్లై పాత ఫైబర్ తొక్కకు అతకాలి, కొత్తగా వేసే ఫైబర్ పొరలు పాత పడవ గోడలకు అతకాలి, చివరగా బోల్టుల చుట్టూ నీరు దూరకుండా మూయాలి. ఈ నాలుగు చోట్లా జిగురు మీద పడే బలం వేరు, ఎదుట ఉండే పదార్థం వేరు. పైగా ఒకచోట వాడిన జిగురు పక్క అతుకులో ఏది వాడవచ్చో, ఏది వాడకూడదో నిర్ణయిస్తుంది. అందుచేత జిగురును విడిగా కాక ఒక వరుసగా ఎంచుకోవాలి.

అతుకు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. వంగకుండా నిలిచే గుణం పలక మందపు ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన, పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లై ముక్కలు రెండింటిని అతకకుండా ఒకదాని పక్కన ఒకటి నిలబెడితే వాటి బిగువు ఒక్క ముక్క బిగువుకు రెండింతలే. అవే రెండు ముక్కలను ఏ మాత్రం జారకుండా అతికితే అది 24 మిల్లీమీటర్ల పలక అవుతుంది, దాని బిగువు ఒక్క ముక్కకు ఎనిమిదింతలు. చెక్క అదే, బరువు అదే, తేడా అంతా జిగురు గీతలో ఉంది. మోటారు పడవను ముందుకు తోస్తున్నప్పుడు ట్రాన్సమ్ పైభాగం ఒక వైపుకు, కిందిభాగం మరో వైపుకు ఒరగాలని చూస్తుంది. ఒక తొక్క సాగుతుంది, ఇంకొకటి నొక్కుకుంటుంది, నడుమనున్న జిగురు పొర ఆ రెండూ ఒకదానిపై ఒకటి జారకుండా పట్టి ఉంచుతుంది. కాబట్టి ఇక్కడ కావలసింది గట్టిగా బిగిసి, ఏళ్ల తరబడి బరువు మోసినా జారని జిగురు. సాగే గుణమున్న జిగురు ఎంత గట్టిగా అంటుకున్నా ఈ చోట పనికిరాదు. పాలియురెథేన్ సీలెంట్లు, బోల్టుల చుట్టూ వాడే సికాఫ్లెక్స్ వంటివి తమ చోట ఎంత మంచివైనా ప్లైకీ తొక్కకూ నడుమ వాడకూడదనడానికి కారణం ఇదే.

నాలుగు అతుకుల్లో అసలు సమస్య పాత ఫైబర్ తొక్క దగ్గరే ఉంది. పాత పడవలు దాదాపు అన్నీ పాలియెస్టర్ రెజిన్‌తో చేసినవే. పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది. గట్టిపడే చర్యను మొదలుపెట్టే క్యాటలిస్ట్ కలపగానే ఆ స్టైరీన్ రెజిన్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసి ద్రవాన్ని ఘనంగా మారుస్తుంది. పడవ తయారవుతున్న రోజుల్లో ఒక పొర పూర్తిగా గట్టిపడక ముందే దాని మీద మరో పొర వేస్తారు కాబట్టి, ఆ రెండు పొరల నడుమ రసాయనికంగా ముడి పడుతుంది. పది, ఇరవై ఏళ్లు గడిచిన తొక్కలో అలా ముడి పడేందుకు మిగిలినది దాదాపు ఏమీ ఉండదు. మనం ఇప్పుడు పూసే ఏ రెజినైనా దాని గరుకు గీతల్లోకి దిగి పట్టుకోవలసిందే, అంటే గోడకు సున్నం పట్టినట్టు. ఆ పట్టు ఎంత గట్టిగా ఉంటుందనేది పూసిన పదార్థం స్వభావాన్ని బట్టి ఉంటుంది.

పాలియెస్టర్ ఈ పనిలో వెనకబడడానికి కారణాలు రెండు. గట్టిపడేటప్పుడు అది ఘనపరిమాణంలో సుమారు 7 శాతం వరకు కుంచించుకుపోతుంది. ఇరుకైన సందులో, కదలడానికి వీల్లేని రెండు తలాల నడుమ ఆ కుంచింపు అతుకును లోపలి నుంచే లాగుతూ ఉంటుంది. రెండవది, గాజునార లేని ఉత్త పాలియెస్టర్ పెళుసు. సాధారణ రకం తన పొడవులో ఒకటి రెండు శాతం సాగేలోపే చిట్లుతుంది. ఎపాక్సీ అంటే రెజిన్‌కు హార్డ్‌నర్ అనే గట్టిపరచే ద్రవాన్ని కొలిచి కలిపి వాడే మరో రకం. దాని కుంచింపు ఇంతకంటే చాలా తక్కువ, సాగే శక్తి ఎక్కువ, పైగా అది చెక్కనూ గాజునారనూ పాత పాలియెస్టర్‌నూ కూడా బాగా పట్టుకుంటుంది. అందువల్ల కొత్త ప్లైకీ పాత తొక్కకూ మధ్య చిక్కగా చేసిన ఎపాక్సీ వాడాలన్న సలహాలో నిజముంది. నేను కూడా మొదట చెప్పేది అదే.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ వస్తుంది. ఆ పడవను మొదట కట్టినవాళ్లు పాలియెస్టర్‌తోనే కదా ప్లై అతికించారు, అది ఇన్నేళ్లు పని చేసింది కదా అని పాత పనివాళ్లు అంటారు. ఆ మాట కొట్టిపారేయదగినది కాదు. కానీ మొదట కట్టినవాళ్లు ఉత్త రెజిన్ పూసి అతికించలేదు. ఇంకా పచ్చిగా ఉన్న బయటి తొక్క మీద రెజిన్‌తో బాగా తడిపిన గాజునార మ్యాట్ (తుంపునారతో చేసిన పరుపు) పరిచి, దాని మీద ప్లై నొక్కారు. ఆ మ్యాట్ సందులన్నింటినీ నింపింది, పెళుసు రెజిన్‌కు నార బలాన్నిచ్చింది. పాలియెస్టర్ పద్ధతిలో అసలు జిగురు ఆ తడి మ్యాటే. ఈ సంగతి మరిచి, రెజిన్‌లో టాల్కమ్ పొడి కలిపిన పుట్టీ పూసి ప్లై నొక్కితే ఆ అతుకు పాలియెస్టర్ పద్ధతి కింద లెక్కకు రాదు. పెళుసు పొర ఒకటి మందంగా వేసినట్టే. చాలా చోట్ల తప్పు జరుగుతున్నది ఇక్కడే.

అందుచేత డబ్బు నిజంగా సరిపోని పడవకు నేను పాలియెస్టర్ వద్దనను. పాత తొక్కను బాగా గీరి, ప్లై రెండు వైపులా, ముఖ్యంగా అంచులకు, పలుచటి రెజిన్ పట్టించి, రెండు పొరల తడి మ్యాట్ నడుమ పెట్టి, తొక్క బయటి నుంచి పలకలు ఆనించి క్లాంపులు బిగిస్తే, అది పడవను మొదట కట్టిన పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. పచ్చి పొర మీద పడే రసాయనిక ముడి మాత్రం ఇప్పుడు ఉండదు. ఆ లోటుకు తగ్గట్టు గరుకుతనం మీద మరింత శ్రద్ధ పెట్టాలి. సాధారణ ఆర్థో రకానికి బదులు ఐసో రకం పాలియెస్టర్ తీసుకుంటే నీటిని తట్టుకునే శక్తి మెరుగవుతుంది. వినైల్ ఎస్టర్ అనే మరో రెజిన్ ఈ రెండింటి కంటే మేలు. అదీ స్టైరీన్‌తోనే గట్టిపడుతుంది, మ్యాట్‌తో కలుస్తుంది, పాత తొక్కకు పాలియెస్టర్ కంటే బాగా పట్టుకుంటుంది. దాని లోపం ఏమిటంటే డబ్బాలో ఎక్కువ కాలం నిలవదు. కొన్ని నెలలే దాని ఆయుష్షు, అది కూడా చల్లని చోట పెడితేనే. మే నెలలో రేకుల షెడ్డులో ఉంచిన వినైల్ ఎస్టర్‌ను తయారీ తేదీ చూడకుండా కొనడం తెలివైన పని కాదు.

ఇప్పుడు వరుస సంగతి. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ నమ్మకంగా పట్టదు. ఎపాక్సీ ఉపరితలాన హార్డ్‌నర్ నుంచి మిగిలిన అమైన్లనే పదార్థాలు పాలియెస్టర్ గట్టిపడే చర్యకు అడ్డుతగులుతాయి, అతుకు దగ్గర రెజిన్ జిగటగా మిగిలిపోతుంది. కాబట్టి ఖరీదు తగ్గించుకోవడానికి ప్లైని ఎపాక్సీతో అతికి, పైన లోపలి తొక్కను చవకైన పాలియెస్టర్‌తో వేయాలన్న ఆలోచన చూడడానికి తెలివైనదిగానే ఉంటుంది కానీ, లోపలి తొక్క ఎక్కడ పడవ గోడను పట్టుకోవాలో సరిగ్గా అక్కడే అంచుల నుంచి పొంగివచ్చిన ఎపాక్సీ ఉంటుంది. ఆ అంచు అతుకే మోటారు తోపును ట్రాన్సమ్ నుంచి పడవ గోడలకు చేరవేసేది. అక్కడ అనుమానం మిగలకూడదు. ఎపాక్సీతో మొదలుపెడితే ఎపాక్సీతోనే ముగించాలి, పాలియెస్టర్ జాతితో మొదలుపెడితే అందులోనే ముగించాలి. మార్చక తప్పదనుకుంటే పాలియెస్టర్ ముందు, ఎపాక్సీ తర్వాత.

గాజునార ఎంపిక కూడా దీన్నిబట్టే మారుతుంది. మనకు దుకాణాల్లో సులువుగా దొరికే మ్యాట్‌లో తుంపునారను కలిపి ఉంచే బైండర్ సాధారణంగా స్టైరీన్‌లో కరిగేది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, కనుక మ్యాట్ మెత్తబడదు, మూలల్లో ఒదగదు, రెజిన్ ఎక్కువ తాగి కూడా సరిగా తడవదు. ఎపాక్సీతో వేసేటప్పుడు నేసిన గుడ్డ గానీ, రెండు వాలుల్లో నారను దారంతో కుట్టిన బయాక్సియల్ గుడ్డ గానీ కావాలి. మూలల దగ్గర బయాక్సియల్ మేలు, ఎందుకంటే దాని నార అంతా మూలకు అడ్డంగా ఏటవాలుగా నడిచి రెండు తలాలనూ పట్టుకుంటుంది. పైన జెల్‌కోట్ (పడవ పైపొరగా వేసే రంగు రెజిన్) మెరుగు కావాలనుకునేవారు కూడా ముందే ఆలోచించుకోవాలి. జెల్‌కోట్ పాలియెస్టర్ జాతిది. ఎపాక్సీ మీద దానికి బదులు పాలియురెథేన్ పెయింటు వేసుకోవడం సులువైన దారి. ఎండకు ఎపాక్సీ పొడి రాలుతుంది, కనుక ఏదో ఒక రంగు పూత మాత్రం తప్పనిసరి.

ఇంతవరకు చెప్పినవన్నీ సరిగా చేసి కూడా పని చెడగొట్టుకునే చోటు ఒకటుంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫైబర్ పనిలో చేయి తిరిగిన పనివాళ్లు జీవితమంతా పాలియెస్టర్‌తోనే గడిపి ఉంటారు. పాలియెస్టర్‌లో క్యాటలిస్ట్ అంటే చర్యను మొదలుపెట్టే పదార్థం మాత్రమే. కిలో రెజిన్‌కు 10 మిల్లీలీటర్లు వేసినా 20 మిల్లీలీటర్లు వేసినా అది గట్టిపడుతుంది, వేగంలోనే తేడా. చల్లగా ఉంటే కాస్త ఎక్కువ, ఎండగా ఉంటే కాస్త తక్కువ వేయడం వారికి అలవాటైన నేర్పు. ఎపాక్సీ హార్డ్‌నర్ అటువంటిది కాదు. అది చర్యలో సగం భాగస్వామి. రెజిన్ అణువుకూ హార్డ్‌నర్ అణువుకూ లెక్క కుదరాలి. ఎక్కువైతే మిగిలిన హార్డ్‌నర్, తక్కువైతే మిగిలిన రెజిన్ అతుకులో ఎప్పటికీ గట్టిపడకుండా ఉండిపోతుంది. రాత్రి చల్లగా ఉందని చేయి తిరిగిన పనివాడొకరు నాలుగు చుక్కలు ఎక్కువ పోసిన ఎపాక్సీ మరునాడు గోరు దిగే రబ్బరులా మిగిలిపోవడం నేను కళ్లారా చూశాను. మొత్తం గీరి తీయడానికి రెండు రోజులు పట్టింది. అంతటి నేర్పరి చేతిలో ఆ తప్పు జరగడానికి కారణం అజాగ్రత్త కాదు, మరో పదార్థం నేర్పిన అలవాటు. ఎపాక్సీలో వేగం మార్చాలంటే హార్డ్‌నర్ రకం మార్చాలి, కొలత కాదు. కొలత కూడా కంపెనీని బట్టి మారుతుంది. కొన్ని వంద గ్రాములకు పది గ్రాములు, కొన్ని రెండుకు ఒకటి, కొన్ని సమపాళ్లు. బరువులో చెప్పిన లెక్కను పరిమాణంలో కొలవకూడదు. కిరాణా కొట్లో వాడేటువంటి చిన్న డిజిటల్ తక్కెడ ఒకటి ఈ పనికి కొనడం వృథా ఖర్చు కాదు.

పాలియెస్టర్ విషయంలో మరొక హెచ్చరిక కూడా చేయాలి. ఎండ తీవ్రంగా ఉందని క్యాటలిస్ట్‌ను ఒక శాతం కంటే బాగా తగ్గిస్తే రెజిన్ పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల పూర్తిగా పండదు. గట్టిపడడాన్ని వేగపరచే యాక్సిలరేటర్‌గా వాడే కోబాల్ట్‌నూ క్యాటలిస్ట్‌నూ ఎప్పుడూ నేరుగా కలపరాదు, మంట లేదా పేలుడు సంభవించవచ్చు. ఒకదాన్ని రెజిన్‌లో బాగా కలిపిన తర్వాతే రెండోది వేయాలి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఎపాక్సీ చేతికి అంటితే ఎసిటోన్‌తో తుడుచుకోవడం చాలామందికి అలవాటు, కానీ అది ఎపాక్సీని చర్మంలోకి మరింత దింపుతుంది. చేతి తొడుగులు వేసుకోవాలి, అంటిన వెంటనే సబ్బునీళ్లతో కడుక్కోవాలి.

ఇక విశాఖ వాతావరణం. వేట నిషేధ కాలమంటే ఏడాదిలో అతి వేడి నెలలు, దానికి తోడు సముద్రపు తేమ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రెజిన్ గట్టిపడే సమయం దాదాపు సగానికి తగ్గుతుంది. డబ్బా మీద 25 డిగ్రీల వద్ద 30 నిమిషాలు అని ఉంటే, మే నెల నీడలో 35 డిగ్రీల వద్ద మనకు మిగిలేది పావుగంట. ట్రాన్సమ్ అంత తలానికి జిగురు పూసి, ప్లై నిలబెట్టి, క్లాంపులు బిగించడానికి అది చాలదు. నెమ్మదిగా పనిచేసే హార్డ్‌నర్ అడిగి తీసుకోవాలి. కలిపిన ఎపాక్సీని లోతైన మగ్గులో ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది, అందుకే వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరవాలి, ఒకేసారి పెద్ద మొత్తం కలపకూడదు.

ఏ వేళ పని చేయాలన్నది ఇంకొంచెం సూక్ష్మమైన విషయం. ఉదయం నుంచి వేడెక్కుతున్న చెక్కకు ఎపాక్సీ పూస్తే, చెక్క రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. మధ్యాహ్నం దాటాక చెక్క చల్లబడుతున్నప్పుడు పూస్తే ఆ గాలి కుంచించుకుని రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. కనుక తొలి పూతకు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ మంచిది. కానీ చీకటి పడేసరికి తేమ పెరిగి, గట్టిపడుతున్న ఎపాక్సీ మీద మైనం లాంటి జిడ్డు పొర తేలుతుంది. గాలిలోని తేమా బొగ్గుపులుసు వాయువూ హార్డ్‌నర్‌లోని అమైన్లతో చర్య జరపడం వల్ల ఇది పుడుతుంది. ఆ జిడ్డు మీద తర్వాతి పొర వేస్తే అది పెచ్చులా ఊడివస్తుంది. మంచి సంగతి ఏమిటంటే ఆ జిడ్డు నీటిలో కరుగుతుంది. మరునాడు మంచినీళ్లతో, పాత్రలు తోమే పీచుతో రుద్ది కడిగి, ఆరనిచ్చి, ఆ తర్వాతే గరుకుకాగితం పట్టాలి. కడగకుండా గరుకుకాగితం పడితే జిడ్డును గీతల్లోకి రుద్దినట్టవుతుంది. పని జరిగే చోట పైన టార్పాలిన్ కట్టి మంచు పడకుండా చూసుకోవడం కూడా అవసరం.

ప్లైవుడ్ విషయంలో భారత ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోవాలి. దాని పొరలను అతికే ఫినాలిక్ జిగురు 72 గంటలు నీటిలో ఉడికించే పరీక్షకు నిలవాలి. ఫర్నిచర్‌కు వాడే ఐఎస్ 303 రకంలో నీటిని తట్టుకునే తరగతికి పెట్టే పరీక్ష అంత కఠినమైనది కాదు. అయితే మన తీరపు గాలిలో నిలవ ఉన్న ప్లై 14, 15 శాతం వరకు తేమ పట్టి ఉంటుంది. ఎపాక్సీకి 12 శాతం లోపు ఉంటే మంచిది. కోసిన ముక్కలను కొన్ని రోజులు నేలకు తగలకుండా ఎండలో ఆరబెట్టి, రాత్రి లోపల పెట్టుకోవాలి.

పాత తొక్క తయారీలో తొందర పనికిరాదు. కుళ్లిన చెక్కను ఉలితో, గ్రైండర్‌తో తీసేశాక ముందుగా మంచినీళ్లతో పలుమార్లు కడగాలి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తొక్కలో ఉప్పు మిగిలితే అతుకు కింద ఎప్పుడూ చెమ్మే. మన పడవల్లో అమరం వైపు అడుగున కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, చేప నూనె చేరి ఉంటాయి. వాటిని సబ్బునీళ్లతోనూ ఎసిటోన్‌తోనూ శుభ్రం చేసిన తర్వాతే గ్రైండర్ పట్టాలి, ముందే పడితే నూనె గీతల్లోకి ఎక్కుతుంది. ఇదివరకెవరో సిలికోన్ సీలెంట్ పూసిన చోటు ఉంటే దాన్ని పూర్తిగా గీరి తీయాలి, దాని పొర మిగిలిన చోట ఏ రెజినూ అంటదు. 40 నుంచి 60 నంబరు గరుకుతో, మెరుపు పూర్తిగా పోయి తెల్లని గాజునార కనిపించే వరకు గీరాలి. లోపలి తొక్క కొత్త పొరలు పాత గోడల మీదికి వచ్చే చోట, పాత తొక్కను మందానికి పన్నెండింతల వెడల్పున ఏటవాలుగా అరగదీయాలి. 5 మిల్లీమీటర్ల తొక్కకు 60 మిల్లీమీటర్ల వాలు.

జిగురు చిక్కదనం గురించి రెండు మాటలు. పాత తొక్క ఎప్పుడూ సమతలంగా ఉండదు, గీరిన తర్వాత ఇంకా ఎగుడుదిగుడు అవుతుంది. ఉత్త ఎపాక్సీ ఆ సందుల్లో నిలవక కిందికి జారిపోతుంది. మొదట చెక్కకూ తొక్కకూ ఉత్త ఎపాక్సీ పలుచగా పట్టించి, అది ఇంకా జిగటగా ఉండగానే ఫ్యూమ్డ్ సిలికా అనే తేలికైన తెల్లని పొడి, మెత్తటి గాజునార పొడి కలిపి వేరుశనగ పచ్చడంత చిక్కగా చేసిన ఎపాక్సీని పళ్లున్న కరణితో పరవాలి. సిలికా జారకుండా నిలుపుతుంది, నార పొడి బలాన్నిస్తుంది. టాల్కమ్ పొడి ఈ రెండు పనుల్లో ఏదీ చేయదు, దాన్ని రంగు ముందు వేసే పుట్టీకే వదిలేయడం మంచిది. క్లాంపులు బిగించేటప్పుడు అంచుల వెంట జిగురు సన్నగా పొంగితే చాలు. వడ్రంగి పనిలోలా గట్టిగా బిగిస్తే ఎపాక్సీ అంతా బయటికి వచ్చి అతుకు ఎండిపోతుంది.

తెల్ల ఫెవికాల్ వాడవచ్చా అని అడిగేవారు ఉన్నారు. తెల్లజిగురు గట్టిపడేది తనలోని నీటిని వదిలించుకుని. ఆ నీటిని చెక్క పీల్చుకుంటుంది కానీ ఫైబర్ తొక్క పీల్చుకోదు. కనుక తొక్క వైపు అది ఆరదు. పైగా నిరంతర బరువు కింద నెమ్మదిగా జారే గుణం దానిది. నురగలా పొంగే పాలియురెథేన్ జిగురు సందును నింపినట్టు కనిపిస్తుంది, కానీ ఆ నురగలో బలం లేదు. త్వరగా గట్టిపడే ఎరల్డైట్, ఎంసీల్ వంటివి ఎపాక్సీ జాతివే అయినా, తక్షణ రకాల నీటి నిరోధం, వేడి నిరోధం నెమ్మదిగా పండే రకాలకు సాటిరావు. అవి అత్యవసరంలో చిల్లు మూయడానికి.

ఖర్చు విషయానికి వస్తే, మీటరు ఇరవై వెడల్పు, అరమీటరు ఎత్తున్న ట్రాన్సమ్ వైశాల్యం 0.6 చదరపు మీటరు. తొక్క వైపు 2 మిల్లీమీటర్ల జిగురు పొరకు 1.2 లీటర్లు, రెండు ప్లైల నడుమ ఒక మిల్లీమీటరుకు 0.6 లీటరు పడుతుంది. చెక్క పూతలూ లోపలి తొక్క పొరలూ కలుపుకుంటే మొత్తం అయిదు కిలోల ఎపాక్సీతో పని సాగుతుంది. పాలియెస్టర్‌తో పోలిస్తే ఎపాక్సీ ధర కొన్ని రెట్లు ఎక్కువే. కానీ అయిదు కిలోల మీద ఆ తేడాను, చెక్క తీయడానికి పట్టిన రోజుల కూలితోనూ, ఆ పలక మీద వేలాడే మోటారు ఖరీదుతోనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చేపల వేటకు రోజూ సముద్రానికి పోయే పడవకు ఎపాక్సీయే దక్కవలసింది అన్నది నా అభిప్రాయం. అప్పుడప్పుడు మాత్రమే నీటిలో దిగే చిన్న పడవకు తడి మ్యాట్ పద్ధతి సరిపోతుంది.

ఏ జిగురు తీసుకున్నా పని మొదలుపెట్టే ముందు ఒక ముక్క పరీక్ష చేయాలి. పాత తొక్క నుంచి కోసిన అరచేతి వెడల్పు ముక్కను అదే విధంగా గీరి, అదే ప్లై ముక్కకు అదే జిగురుతో అతికి, మూడు రోజులు ఆగి, వారం రోజులు ఉప్పునీటిలో నానబెట్టి, ఉలి పెట్టి చీల్చాలి. ప్లై పొర చీలినా, గాజునార ఊడినా అతుకు మంచిదే. జిగురు తొక్క నుంచి నున్నగా విడిపోతే లోపం శుభ్రం చేయడంలోనో, కొలతలోనో, పాతబడిన డబ్బాలోనో ఉంది. అది పడవలో బయటపడకముందే ఇక్కడ బయటపడింది.

చివరి అతుకు బోల్టు రంధ్రాలు. చెక్క కుళ్లడం మొదలైంది ఇక్కడే కాబట్టి, ఇక్కడ అశ్రద్ధ చేస్తే మిగతా శ్రమంతా మళ్లీ అదే దారిన పోతుంది. బోల్టుకు కావలసిన దానికంటే పెద్ద రంధ్రం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని నడుమ బోల్టు కొలతకు మళ్లీ రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఉండేది చెక్క కాదు, ఎపాక్సీ గొట్టం. సీలెంట్ ఎప్పుడో ఒకప్పుడు విఫలమైనా నీరు చెక్కను చేరదు. సాగే గుణమున్న పాలియురెథేన్ సీలెంట్‌కు చోటు ఇక్కడే, బోల్టు తల కింద. నీరు వదిలే బిరడా రంధ్రానికీ, పలక పైఅంచుకూ ఇదే జాగ్రత్త. రంగు మాత్రం తెలుపో లేత రంగో వేసుకోవాలి. గది ఉష్ణోగ్రతలో పండిన సాధారణ ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది, ముదురు నీలమో నలుపో పూసిన పలక మన మే నెల ఎండలో ఆ వేడిని తేలికగా అందుకుంటుంది.

తేదీల లెక్క వెనక నుంచి వేసుకోవాలి. జూన్ 15న పడవ నీటిలో దిగాలంటే, ఎపాక్సీ పూర్తి బలానికి రావడానికి వారం, రంగుకు రెండు మూడు రోజులు, లోపలి తొక్క పొరలకు రెండు రోజులు, ప్లై అతుకుకు రెండు రోజులు పోను, మే నెలాఖరుకల్లా పాత తొక్క కడిగి, గీరి, ఆరి సిద్ధంగా ఉండాలి. కడిగిన తొక్క ఆరడానికే వారం పది రోజులు పట్టవచ్చు, ముక్క పరీక్షకు ఇంకో పది రోజులు, అవి రెండూ పక్కపక్కనే సాగుతాయి. కొంత వెసులుబాటు కూడా కలుపుకుంటే కుళ్లిన చెక్క తీయడం మే మొదటి వారంలో పూర్తి కావాలి, సుత్తితో తట్టి చూడడం పడవ ఒడ్డుకు లాగిన మొదటి వారంలోనే జరగాలి.